ట్యాంకర్ల పుస్తకానికో వెబ్ పేజీ: చిన్న ఫ్రేమ్‌వర్కు లోపల జరిగేది ఇదీ

కొండాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దగ్గర అట్ట ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. మార్చి వచ్చి బోర్లు అడుగంటడం మొదలయ్యాక, నీళ్ళ ట్యాంకరు గేటులోకి వచ్చిన ప్రతిసారీ అతను తేదీ, వేళ, ట్యాంకరు 5,000 లీటర్లదా 10,000 లీటర్లదా అన్నది అందులో రాసి, పక్కన డ్రైవరు చేత సంతకం పెట్టిస్తాడు. నెలాఖరున బిల్లు వచ్చేసరికి ఆ లెక్కకూ ఈ లెక్కకూ ఒకటో రెండో ట్యాంకర్లు తేడా పడతాయి. సంఘం సమావేశంలో గంటసేపు అదే రగడ. ఆ పుస్తకాన్ని అందరూ ఫోనులో చూసుకునే పేజీగా మార్చే పని, కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న పాపానికి, నా మీద పడింది.

ఇంత చిన్న పనికి చాలామంది చేసే మొదటి పని పెద్ద ఫ్రేమ్‌వర్కును, అంటే వెబ్ పేజీలకు కావలసిన మామూలు పనులన్నీ ముందే రాసిపెట్టిన కోడు మూటను, దింపుకోవడం. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన బాటిల్ అనే చిన్న ఫ్రేమ్‌వర్కును తీసుకున్నాను. అది మొత్తం ఒకే ఒక ఫైలు; పైథాన్‌తో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీ తప్ప దానికి మరేదీ అక్కరలేదు. చిన్న ఫ్రేమ్‌వర్కులను కొత్తవారికి సిఫారసు చేసేవారు సాధారణంగా అవి సులువని చెబుతారు. నా అభిప్రాయం కొంచెం వేరు. కొన్ని చోట్ల అవి పెద్దవాటికంటే ఎక్కువ కష్టపెడతాయి. అయితే వాటిలో ఏదీ దాగి ఉండేంత చోటు లేదు కాబట్టి, తప్పు జరిగినప్పుడు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోవచ్చు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ ముగించుకుని వచ్చిన యువకులను ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేనొక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: బ్రౌజరులో చిరునామా కొట్టి ఎంటర్ నొక్కిన తరువాత మీరు రాసిన ఫంక్షను (ఒక పనికి పేరు పెట్టి రాసిన కోడు ముక్క) దాకా ఏమేం జరుగుతుంది? పెద్ద ఫ్రేమ్‌వర్కులో పది పేజీలు కట్టినవారు కూడా ఇక్కడ తడబడతారు. వారి తెలివికి లోటేమీ లేదు. ఆ దారిని వారికి ఎవరూ చూపలేదు, అంతే.

ఆ దారి నిజానికి చాలా పొట్టిది. పేజీలను అందించే సర్వరు అనే ప్రోగ్రాముకు బ్రౌజరు పంపేది కొన్ని పంక్తుల మామూలు రాత. మొదటి పంక్తిలో మూడు మాటలుంటాయి: గెట్ అనే క్రియ, కావలసిన పేజీ దారి, బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ భాషలో 1.1 అనే రూపం పేరు. తరువాతి పంక్తులలో ఏ హోస్టును అడుగుతున్నదీ, అడుగుతున్న బ్రౌజరు ఏదో, ఎలాంటి జవాబు చదవగలదో ఉంటాయి; వీటినే హెడర్లు అంటారు. ఆపైన ఒక ఖాళీ పంక్తి, అక్కడితో రిక్వెస్టు ముగుస్తుంది. జవాబు కూడా ఇదే తీరులో వస్తుంది: ముందు 200 (సరే) లేదా 404 (పేజీ దొరకలేదు) వంటి స్థితి సంఖ్య ఉన్న పంక్తి, తరువాత హెడర్లు, ఖాళీ పంక్తి, ఆ కింద అసలు పేజీ. వెబ్‌ను సృష్టించిన టిమ్ బర్నర్స్ లీ 1991లో వాడుకలోకి తెచ్చిన హెచ్‌టీటీపీ మొదటి రూపంలో ఈ హెడర్లు కూడా లేవు. గెట్, దాని పక్కన దారి, అంతే. వెబ్ ఫ్రేమ్‌వర్కు అనేది ఎంత పెద్దదైనా, వచ్చిన ఈ రాతను విడదీసి, ఏ ఫంక్షను జవాబు చెప్పాలో తేల్చి, ఆ ఫంక్షను ఇచ్చినదాన్ని మళ్ళీ ఇలాంటి రాతగా కూర్చి పంపే యంత్రమే.

పైథాన్ ప్రపంచంలో ఈ పనికి ఒక ఒప్పందం ఉంది. సర్వర్లు రాసేవారు ఒకవైపు, ఫ్రేమ్‌వర్కులు రాసేవారు మరోవైపు ఎవరికి తోచినట్టు వారు రాసుకుంటూ పోతుంటే ఈ సర్వరు ఆ ఫ్రేమ్‌వర్కుతో కలిసేది కాదు. ఆ చిక్కును తీర్చడానికి 2003లో ఫిలిప్ ఎబీ డబ్ల్యూఎస్‌జీఐ అనే ఒడంబడికను ప్రతిపాదించారు. దాని సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: అప్లికేషన్ అంటే రెండు ఆర్గ్యుమెంట్లు (లోపలికి ఇచ్చే విలువలు) తీసుకునే ఒక ఫంక్షను, మొదటిది రిక్వెస్టు వివరాలన్నీ పేరు, విలువ జతలుగా ఉన్న డిక్షనరీ, రెండవది స్థితి సంఖ్యనూ హెడర్లనూ చెప్పడానికి పిలవవలసిన మరో ఫంక్షను, తిరిగి ఇవ్వవలసింది బైట్ల వరుస. ప్రామాణిక లైబ్రరీలోని డబ్ల్యూఎస్‌జీఐ రెఫ్ అనే మాడ్యూలులో ఈ ఒడంబడికను పాటించే చిన్న సర్వరు కూడా ఉంది కాబట్టి, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండానే పది పంక్తులలో వెబ్ పేజీ చూపించవచ్చు.

కొత్తవారు ఒకసారి అలా చేసి చూడాలని నేను గట్టిగా చెబుతాను. ట్యాంకర్ల పేజీని నేను మొదట అలాగే రాశాను. డిక్షనరీలో నుంచి పాత్ ఇన్ఫో అనే విలువను తీసి, అది స్లాష్ ట్యాంకర్స్ అయితే జాబితా చూపు, స్లాష్ యాడ్ అయితే ఫారం చూపు, ఏదీ కాకపోతే 404 పంపు అంటూ ఇఫ్, ఎల్స్ మెట్లు కట్టుకుంటూ పోయాను. మూడో పేజీ వరకు బాగానే ఉంది. స్లాష్ మంత్ స్లాష్ 4 అన్నప్పుడు ఏప్రిల్ లెక్క చూపాలనుకోగానే ఆ దారిని ముక్కలు చేసి, చివరి ముక్క సంఖ్యో కాదో చూసి, కాకపోతే తప్పు చెప్పే భారమంతా నా నెత్తిన పడింది. సరిగ్గా ఆ విసుగు పుట్టిన చోటే ఫ్రేమ్‌వర్కు ఎందుకు కావాలో అర్థమవుతుంది. నేను కట్టిన మెట్లను ఒక పట్టికగా మార్చి, ఏ దారికి ఏ ఫంక్షనో ఆ పట్టికలో రాసిపెట్టే పనిని రూటింగ్ అంటారు. చిన్న ఫ్రేమ్‌వర్కుల గుండెకాయ అదే.

ఈ జాతి ఫ్రేమ్‌వర్కులకు దారి చూపింది రూబీ భాషలో 2007లో బ్లేక్ మిజరానీ తెచ్చిన సినాట్రా. దారి రాసి, దాని కిందనే ఆ దారికి చేయవలసిన పని రాసే తీరు దానితోనే జనంలోకి వచ్చింది. పైథాన్‌లో 2009లో మార్సెల్ హెల్‌క్యాంప్ బాటిల్‌ను విడుదల చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న ఆర్మిన్ రోనాకర్, ఒకే ఫైలులో ఇమిడే ఫ్రేమ్‌వర్కుల మోజును ఆటపట్టిస్తూ ఒక ఉత్తుత్తి ఫ్రేమ్‌వర్కును ప్రకటిస్తే, జనం దాన్ని నిజమే అనుకుని ఆసక్తి చూపారు. ఆ పరిహాసం నుంచి పుట్టిన ఫ్లాస్క్ ఇప్పుడు బాటిల్ కంటే ఎన్నో రెట్లు ప్రసిద్ధం. ఉద్యోగం కోసం నేర్చుకునేవారు ఫ్లాస్క్ వైపు వెళ్ళడమే మంచిది. అందులో రూటింగ్ ఒక లైబ్రరీ, టెంప్లేట్లు (విలువలు నింపుకునే పేజీ అచ్చులు) మరో లైబ్రరీ చూసుకుంటాయి. లోపలి సంగతి తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ఒకే ఫైలులో మొదటి నుంచి చివరి దాకా చదువుకోగల బాటిల్ మేలు. జాంగో సంగతి వేరు. అమెరికాలో కాన్సస్‌లోని ఒక దినపత్రిక కార్యాలయంలో, గడువులోపు సైట్లు కట్టవలసిన ఒత్తిడిలో పుట్టిన ఫ్రేమ్‌వర్కు అది. కొత్త ప్రాజెక్టు కమాండు కొట్టగానే, మనం ఒక్క అక్షరం రాయకముందే, ఆరు ఫైళ్ళు పుట్టుకొస్తాయి. అవన్నీ అవసరమైనవారికి అది వరమే. ఆ ఆరింటిలో ఏది ఎందుకుందో తెలియనివారికి మాత్రం తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టి తలుపు చూపించకపోవడం లాంటిది.

మొదటి పేజీ

కోడు పంక్తులను ఇక్కడ తరగతిలో చదివి వినిపించినట్టు తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. బాటిల్‌ను పిప్ అనే, పైథాన్ లైబ్రరీలను దింపే సాధనంతో దింపుకున్నాక ఒక కొత్త ఫైలు తెరవండి. ఆ ఫైలుకు బాటిల్ అని మాత్రం పేరు పెట్టకండి. అలా పెడితే, ఇంపోర్ట్ బాటిల్ అనగానే పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి పక్కనే ఉన్న మీ ఫైలునే తెచ్చుకుంటుంది. అందులో రూట్ అనేది లేదని ఫిర్యాదు చేస్తుంది. ఈ తప్పు చేసి పూట పోగొట్టుకున్నవారిని నేను ముగ్గురిని చూశాను. వారిలో ఒకణ్ణి నేను.

ఫైలులో మొదటి పంక్తి: ఫ్రమ్ బాటిల్ ఇంపోర్ట్ రూట్, రన్. తరువాత ఎట్ గుర్తు పెట్టి రూట్ అని రాసి, బ్రాకెట్లలో స్లాష్ ట్యాంకర్స్ అనే దారి ఇవ్వాలి. దాని కింద ఒక మామూలు ఫంక్షను. అది తిరిగి ఇచ్చేది ఒక స్ట్రింగ్, ఉదాహరణకు నీళ్ళు అనే మాట. చివరి పంక్తిలో రన్ ఫంక్షనుకు హోస్టుగా లోకల్ హోస్ట్, పోర్టుగా (ఆ యంత్రంలో సర్వరు వినే తలుపు నంబరు లాంటిది) 8080 ఇవ్వాలి. ఎట్ గుర్తుతో మొదలయ్యే ఆ పంక్తిని డెకరేటర్ అంటారు. దానిలో మాయ ఏమీ లేదు: కింద ఉన్న ఫంక్షనును తీసుకుని, ఇందాక చెప్పిన పట్టికలో ఈ దారికి ఈ ఫంక్షను అని ఒక వరుస చేరుస్తుంది, అంతే. ఫైలును నడిపి బ్రౌజరులో ఆ చిరునామాకు వెళితే నీళ్ళు అని కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే భాగంలో ఆ జవాబు హెడర్లను చూడమని నా మనవి. కంటెంట్ లెంగ్త్ అనే చోట 18 అని ఉంటుంది. నీళ్ళు అనే మాటలో మన కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. ప్రపంచ లిపుల గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అవి 6: న, గుడి దీర్ఘం, ళ, పొల్లు, ళ, కొమ్ము. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి తీగ మీద వెళ్ళేవి 18 బైట్లు. ఇదే మాటను చిరునామాలో పెడితే, ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు అంకెలుగా మారి 54 గుర్తుల పొడవవుతుంది. తెలుగు లింకును వాట్సాప్‌లో అతికించినప్పుడు కొండవీటి చాంతాడంత వచ్చేది ఇందుకే.

దారిలో మారే భాగాన్ని కోణపు బ్రాకెట్లలో పేరు పెట్టి రాస్తే, ఆ విలువ ఫంక్షనుకు ఆర్గ్యుమెంటుగా అందుతుంది. పేరు పక్కన కోలన్ పెట్టి ఇంట్ అని చేర్చితే సంఖ్యలను మాత్రమే లోపలికి రానిస్తుంది, వేరేది వస్తే తానే 404 చెబుతుంది. నేను ఇఫ్, ఎల్స్ మెట్లతో అరపూట పడ్డ పాట్లు ఇక్కడ నాలుగు అక్షరాలతో తీరిపోయాయి.

ఫంక్షను ఏం తిరిగి ఇవ్వవచ్చన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. స్ట్రింగ్ ఇస్తే పేజీ అవుతుంది, డిక్షనరీ ఇస్తే బాటిల్ దాన్ని జేసన్ అనే, ప్రోగ్రాములు చదువుకునే రాతగా మార్చి పంపుతుంది. ఈ రోజు వచ్చిన ట్యాంకర్ల సంఖ్య చూపే ఫంక్షనులో నేను ఆ సంఖ్యను సంఖ్యగానే తిరిగి ఇచ్చాను. ఉదయం ఒక్క ట్యాంకరూ రానప్పుడు పేజీ తెల్లగా ఖాళీగా వచ్చింది. మొదటి ట్యాంకరు రాగానే 500 అనే, సర్వరులో లోపముందని చెప్పే తప్పు వచ్చింది. కారణం బాటిల్ ఫైలు తెరిచి చదివితేనే దొరికింది. ఫంక్షను ఇచ్చింది శూన్యమో ఖాళీయో అయితే అది ఖాళీ జవాబు పంపేస్తుంది, పైథాన్‌కు 0 కూడా ఖాళీ కిందే లెక్క. 1 అయితే దాన్ని ముక్కలు ముక్కలుగా చదవబోయి, సంఖ్యను అలా చదవలేక చేతులెత్తేస్తుంది. సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చడంతో సమస్య తీరిపోయింది. ఇలా లోపలికి వెళ్ళి కారణం చూసుకోగలగడమే ఒకే ఫైలులో ఉన్న ఫ్రేమ్‌వర్కు ఇచ్చే అసలు సౌకర్యమని నేననుకుంటాను.

ఫారంలో తెలుగు

పేజీ చూపడం వరకు ఎవరైనా చేస్తారు. కథ మొదలయ్యేది అవతలివాళ్ళు ఏదైనా రాసి పంపినప్పుడు. వాచ్‌మన్ తెలుగులోనే రాస్తాడు కాబట్టి, ఫారంలో వివరం అనే గడి పెట్టి, సర్వరు వైపు రిక్వెస్ట్ డాట్ ఫార్మ్స్ అనే డిక్షనరీలో నుంచి చతురస్రపు బ్రాకెట్లతో ఆ విలువను తీసి జాబితాలో చూపించాను. అతను నీళ్ళు అని రాస్తే తెర మీద కనిపించింది వేరే: నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్నా, మళ్ళీ అదే ఏ, ప్లస్ మైనస్ గుర్తు, ఇలా 18 పిచ్చి గుర్తులు, వాటిలో కొన్ని కంటికి కూడా కనిపించవు. ఇంతకు ముందు చెప్పిన 18 బైట్లే ఇవి. తెలుగు గుర్తులన్నింటి మొదటి బైటు ఒకటే కావడం వల్ల ఆ వాలుగీత ఏ అన్ని చోట్లా తలెత్తింది.

తప్పు ఎక్కడ? బ్రౌజరు సరిగ్గానే పంపింది. సర్వరుకు వచ్చేవి బైట్లు. అవి ఏ లిపి బైట్లో దానికి తెలియదు. అందువల్ల డబ్ల్యూఎస్‌జీఐ ఒడంబడిక చిరునామా, హెడర్ల బైట్లను తాత్కాలికంగా లాటిన్ 1 అనే పద్ధతిలో చదివి అందించమంటుంది; ఫారం బైట్లను బాటిల్ కూడా అలాగే చదువుతుంది. ఒక బైటుకు ఒక గుర్తు చొప్పున మారే ఆ పద్ధతిలో ఏదీ పోదు కాబట్టి, తరువాత కావలసినవారు వెనక్కి మార్చుకోవచ్చు. బాటిల్ ఆ వెనక్కి మార్చే పనిని ఒక చోట చేస్తుంది, మరో చోట చేయదు. ఫార్మ్స్ తరువాత చుక్క పెట్టి గడి పేరు రాస్తే యూటీఎఫ్ 8గా మార్చి ఇస్తుంది. చతురస్రపు బ్రాకెట్లతో గాని, డిక్షనరీకి ఉండే గెట్ అనే ఫంక్షనుతో గాని (బ్రౌజరు పంపే గెట్ కాదిది) అడిగితే ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తుంది. చిరునామాలోని దారిని మాత్రం అది ముందే సరిచేస్తుంది కాబట్టి అక్కడ తెలుగు చక్కగా వస్తుంది, ఫారంలో చెడిపోతుంది. ఆ తేడా చూసి బ్రౌజరును అనుమానించేవారే ఎక్కువ. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించుకునేవారికి ఈ తప్పు ఎప్పటికీ కనబడదు, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. మన దగ్గర కట్టే ఏ సైటునైనా మొదటి రోజే తెలుగు మాటతో పరీక్షించాలని నేను అనేది అందుకే.

రాని ట్యాంకర్లు

తెలుగు కుదిరాక మరో వింత. వాచ్‌మన్‌కు పని తగ్గిద్దామని, 5,000 లీటర్లు అనే లింకును నొక్కగానే ఒక ట్యాంకరు నమోదయ్యేలా పెట్టాను. మరునాడు చూస్తే రాని ట్యాంకర్లు మూడు జాబితాలో ఉన్నాయి. అతను ఫోనులో బ్రౌజరును తెరిచినప్పుడల్లా పాత ట్యాబు మళ్ళీ లోడై, ఆ చిరునామాను మళ్ళీ అడిగింది. అడిగినప్పుడల్లా ఒక ట్యాంకరు చేరింది. తప్పు పూర్తిగా నాదే. గెట్ అనే క్రియకు అర్థం చూడటం. దాన్ని ఎన్నిసార్లు అడిగినా సర్వరులో ఏదీ మారకూడదన్న నమ్మకం మీద బ్రౌజర్లు, సెర్చ్ ఇంజన్లు అన్నీ నడుస్తున్నాయి. మార్పు చేసే పనికి పోస్ట్ అనే క్రియ ఉంది. బాటిల్‌లో రూట్ బదులు ఎట్ పోస్ట్ అని రాస్తే చాలు, ఆ దారిని గెట్‌తో అడిగినవారికి అది 405, అంటే ఆ క్రియ ఇక్కడ చెల్లదని, చెబుతుంది.

పోస్ట్ పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. నమోదు చేశాక అదే జవాబులో పేజీ చూపిస్తే, రిఫ్రెష్ నొక్కినప్పుడు ఫారాన్ని మళ్ళీ పంపమంటారా అని బ్రౌజరు అడుగుతుంది, కంగారులో మనవాళ్ళు సరే అంటారు. కాబట్టి నమోదు కాగానే రిడైరెక్ట్ ఫంక్షనుతో జాబితా పేజీకి పంపేయాలి. బ్రౌజరుకు 303, అంటే వేరే చిరునామాకు వెళ్ళి చూడమని, అందుతుంది; అది గెట్‌తో జాబితాను తెచ్చుకుంటుంది, ఇక ఎన్ని రిఫ్రెష్‌లు కొట్టినా భయం లేదు. పెద్ద ఫ్రేమ్‌వర్కులలో ఇవన్నీ అలవాటుగా జరిగిపోతాయి గనుక ఎందుకు జరుగుతున్నాయో తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి.

దాచుకోవడం గురించి క్లుప్తంగానే చెబుతాను. ట్యాంకర్లను మొదట పైథాన్ జాబితాలో ఉంచాను; ప్రోగ్రాము ఆపి మళ్ళీ నడిపితే అన్నీ మాయం. బాటిల్‌లో డేటాబేసు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పైథాన్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు ఈ పనికి ఎక్కువే. వచ్చిన విలువలను ఎస్‌క్యూఎల్ (డేటాబేసుతో మాట్లాడే భాష) వాక్యంలో నేరుగా అతికించకుండా, ప్రశ్నార్థకం పెట్టి విడిగా ఇవ్వాలి. అలాగే వాటిని పేజీలో చూపేటప్పుడు స్ట్రింగులను కలిపి హెచ్‌టీఎంఎల్ తయారు చేయకుండా టెంప్లేటు వాడాలి. బాటిల్ టెంప్లేటులో జంట మీసపు బ్రాకెట్ల మధ్య పెట్టిన విలువలోని కోణపు గుర్తులను అది నిర్వీర్యం చేస్తుంది; వివరం గడిలో ఎవరైనా ఆకతాయి జావాస్క్రిప్ట్ రాసినా అది అక్షరాలుగా కనిపిస్తుందే తప్ప నడవదు. బ్రాకెట్ల లోపల మొదట ఆశ్చర్యార్థకం పెడితే ఆ రక్షణ పోతుంది. అది ఎందుకు పెడుతున్నారో మీకు మీరు చెప్పుకోలేకపోతే పెట్టకండి.

పక్కింటి ఫోనుకు చేరేదెలా

నా ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నది పక్క ఫ్లాటువారికి కనిపించదు. లోకల్ హోస్ట్ అంటే 127.0.0.1, అంటే ఈ యంత్రం తనలో తాను మాట్లాడుకునే చిరునామా. హోస్టుగా 0.0.0.0 ఇస్తే యంత్రానికి ఉన్న అన్ని చిరునామాల మీదా వింటుంది. అప్పుడు అదే వైఫైలో ఉన్న ఫోనులో, రౌటరు ఆ ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన 192.168తో మొదలయ్యే చిరునామా, కోలన్, 8080 కొడితే పేజీ వస్తుంది. ఫైర్‌వాల్ అడ్డుపడితే అనుమతి ఇవ్వాలి. డీబగ్ అనే సౌకర్యాన్ని మాత్రం ఈ దశలో ఆపేయాలి, తప్పు వచ్చినప్పుడు మన కోడు గుట్టంతా చూసేవారి ముందు పరుస్తుంది.

బాటిల్ మామూలుగా వాడేది ఇందాకటి డబ్ల్యూఎస్‌జీఐ రెఫ్ సర్వరునే. అది ఒకసారికి ఒకే రిక్వెస్టు చూస్తుంది; ఒకరి ఫోను నెమ్మదిగా ఉంటే వెనకున్న అందరూ రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు నిలబడాలి. వెయిట్రెస్ అనే సర్వరును దింపుకుని, రన్ ఫంక్షనులో సర్వర్ అనే చోట దాని పేరు రాస్తే, ఫంక్షన్లలో ఒక్క అక్షరం మార్చకుండా అది పని మొదలుపెడుతుంది. 2003 నాటి ఆ ఒడంబడిక ఫలితం ఇక్కడ అనుభవంలోకి వస్తుంది: సర్వరు మారింది, అప్లికేషనుకు ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు మా పేజీ వాచ్‌మన్ గదిలోని పాత ల్యాప్‌టాప్ మీద, అపార్ట్‌మెంటు వైఫై దాటకుండా నడుస్తోంది. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టమని సంఘంవారు అడుగుతున్నారు. పెట్టాలంటే ఎవరు నమోదు చేయవచ్చో, ఎవరు చూడటానికే పరిమితమో తేల్చే లాగిన్ కావాలి, పాస్‌వర్డులను గూఢరూపంలో దాచాలి, వేరే సైటు నుంచి దొంగ ఫారాలు రాకుండా చూడాలి. ఇవేవీ బాటిల్‌లో లేవు. వీటిని సొంతంగా రాయడం నేర్చుకోవడానికి మంచిదే గాని, మనుషులు డబ్బు లెక్కలు చూసుకునే పేజీలో ప్రయోగం చేయడం నాకిష్టం లేదు. ఆ పని చేయవలసి వస్తే జాంగో కమాండు కొట్టి, ఆ ఆరు ఫైళ్ళతోనే మొదలుపెడతాను. అప్పటిదాకా డ్రైవరు సంతకాలు నోటుపుస్తకంలోనే పడుతున్నాయి. దానికి కొత్త అట్ట మాత్రం వేయించాం.